తూబా తట్టిన కడియం

మా ఊరు చాహ్-అనార్‌లో పాత ఇళ్ళ వీధితలుపులకు తట్టడానికి రెండు అమరికలు ఉండేవి. ఎడమ రెక్కకు బరువైన ఇనుపకడ్డీ, కుడి రెక్కకు సన్నని కడియం. కడ్డీ మగవారిది, కడియం ఆడవారిది. కడ్డీ మోగితే ఇంటి యజమాని లేచి వెళ్ళేవాడు; కడియం మోగితే ఇల్లాలు చాదర్ సర్దుకోకుండానే వెళ్ళి తలుపు తీసేది. మా పారసీ భాషలో క్రియకు లింగభేదం లేదు, సర్వనామానికి లేదు. తలుపుకు మాత్రం ఉండేది. ముప్ఫైమూడేళ్ళు వ్యాకరణం బోధించినవాణ్ణి కనుక ఈ సంగతి చెప్పకుండా ఉండలేను. ఇప్పుడు అందరూ విద్యుద్గంటలు పెట్టించుకున్నారు. గంట మోగితే ఎవరు లేవాలో తేలక భార్యాభర్తలు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు.

తూబా ఈ ఊళ్ళో ఇరవైతొమ్మిదేళ్ళు ఆరోగ్యసేవికగా పనిచేసింది. ఆ ఇరవైతొమ్మిదేళ్ళూ నూటనలభై గుమ్మాలలో ఆమె తట్టినది కడియమే. ఒక్కసారి, ఒకే ఒక్క ఇంటి ముందు, కడ్డీ తట్టింది. ఆ ఒక్కసారి గురించే నేను రాయదలచుకున్నాను. కాని మొదలు లేని కథకు నడక కుదరదు.

తూబా తండ్రి భూమి కింది కాలువలు తవ్వేవాడు. ఎడారి అంచున ఉన్న మా ఊరికి నీరు కొండ కింది నుంచి, మట్టి లోపలి నుంచి నడిచివస్తుంది. ఆ కాలువను శుభ్రం చేయడానికి బావుల గుండా దిగేవాళ్ళు తెల్లబట్టలు కట్టుకుంటారు. పైన మట్టి కూలితే అదే కఫన్, శవం మీది గుడ్డ, అవుతుందని. తూబాకు పదకొండేళ్ళప్పుడు తల్లి ఆరో కాన్పులో పోయింది. తరువాత ఎనిమిదేళ్ళకు, పొరుగుదేశంతో యుద్ధం ఇంకా సాగుతుండగా, ఊరికొక ఆరోగ్యగృహం కడతామని, ఊరి పిల్లనే ఎంచి పట్నంలో రెండేళ్ళు చదివించి తిరిగి పంపుతామని సర్కారువాళ్ళు వచ్చారు. పెళ్ళికాని పిల్లను పట్నం పంపడమేమిటని మసీదు అరుగు మీద పెద్ద రభస జరిగింది. తూబా తండ్రి మాటకారి కాడు. ఆ రోజు మాత్రం లేచి నిలబడ్డాడు.

"నేను బావిలోకి దిగేటప్పుడు పైన ఒకడు తాడు పట్టుకుంటాడు. తాడు పట్టేవాడు లేకుండా మీలో ఎవరైనా దిగుతారా? మన ఆడవాళ్ళు తాడు లేకుండానే దిగుతున్నారు. నా భార్య అలాగే దిగింది. నా బిడ్డ వెళ్ళి ఆ తాడు పట్టడం నేర్చుకొస్తుంది. ఇంకెవరికైనా ఏమైనా చెప్పాలని ఉందా?"

తూబా వెళ్ళింది, వచ్చింది. నా పాత విద్యార్థిని కనుక నెలనెలా పట్నానికి పంపే నివేదికను ముందు నా దగ్గరికి తెచ్చేది, తప్పులు దిద్దమని. తప్పులు తక్కువే. కాని వాక్యం చివర ఉండవలసిన క్రియను తొందరలో ముందుకు తెచ్చేది. "వచ్చింది సకీనా. ఏడుస్తోంది బిడ్డ. వేశాను సూది." పరుగెత్తుతూ రాసినట్టు ఉండేది ఆమె వచనం. నేను క్రియలన్నిటినీ వాటి వాటి చోట కూర్చోబెట్టేవాణ్ణి.

ఆరోగ్యగృహం గోడ మీద పెద్ద కాగితపు చక్రం ఒకటి ఉండేది. పన్నెండు నెలలకు పన్నెండు గళ్ళు. పుట్టిన ప్రతి బిడ్డకూ ఒక చుక్క, పోయిన ప్రతి ప్రాణానికీ ఒక చుక్క, తల్లి పోతే వేరే రంగు. పట్నంలో దానికి పెట్టిన పేరు పాతకాలపు జ్యోతిష్కుల గణితం నుంచి తెచ్చుకున్నది. అందుచేత ఊళ్ళో ఆడవాళ్ళందరూ అది జాతకచక్రమనే నమ్మారు. అందరికంటే గట్టిగా నమ్మింది బీబీ సల్తనత్. ఆమె మా ఊరి మంత్రసాని. నన్ను, నా తమ్ముళ్ళను, తూబాను కూడా ఈ లోకానికి లాగింది ఆమే.

"ఏమే తూబా, నీ చక్రంలో చూసి చెప్పు, మా రెండో కోడలికి ఈసారైనా మగపిల్లాడేనా?"

"అత్తా, ఇది వచ్చినవాళ్ళ లెక్కే చెబుతుంది. రాబోయేవాళ్ళ గురించి దీనికేం తెలీదు."

"అయితే ఇంత పెద్ద కాగితం ఎందుకే? వచ్చినవాళ్ళ లెక్క నా వేళ్ళ మీదే ఉందిగా!"

యుద్ధం ముగిసింది. ఎక్కువమందిని కనమన్న సర్కారు మాట మార్చి, తక్కువమందిని కని బాగా పెంచమన్నది. శుక్రవారం ప్రసంగాలలో కూడా ఆ మాటే వినిపించసాగింది. తూబా ఇంటింటికీ తిరిగి మాత్రల పట్టీలు ఇచ్చేది. ఒక్కో పట్టీలో ఇరవైఒక్క తెల్లమాత్రలు, చివర ఏడు ఎర్రమాత్రలు. తెల్లవి గర్భం నిలవకుండా. ఎర్రవి ఇనుము, రక్తం పట్టడానికి. "రోజుకొకటి, పడుకునే ముందు, వరస తప్పకుండా" అని చెప్పేది. అంతకుమించి చెప్పవలసిన అవసరం ఉందని ఆమెకు తోచలేదు. అక్కడే కథ మలుపు తిరిగింది.

బీబీ సల్తనత్ పెద్దకోడలు గోహర్. మా పక్కింటి ఇల్లాలు. అప్పటికి ముప్ఫైమూడేళ్ళు, అయిదుగురు పిల్లలు. అయిదో కాన్పు అత్తగారి చేతుల మీదే జరిగింది. బిడ్డ బాగానే వచ్చాడు కాని రక్తం ఆగలేదు. గోహర్‌ను దుప్పటిలో చుట్టి, ట్రక్కులో వేసుకుని తూబా పట్నం తీసుకువెళ్ళింది. అక్కడి డాక్టరమ్మ తూబాను పక్కకు పిలిచి చెప్పిన మాట ఊరంతటికీ తెలుసు: "ఈసారి దక్కింది. ఇంకొక కాన్పును ఈ ఒళ్ళు తట్టుకోదు. కోలుకున్నాక ఆరునెలలకు తీసుకురండి, ఆపరేషన్ చేద్దాం." ఆరునెలలకు అంజూరపళ్ళ ఎండబెట్టు వచ్చింది, తరువాత గొర్రెల ఉన్ని కోత, తరువాత భర్త ఖుర్బానలీకి నడుంనొప్పి. పల్లెలో ఆడదాని ఒళ్ళు ఎప్పుడూ అన్ని పనుల తరువాతి పనే. ఈలోగా గోహర్‌ను కాపాడుతున్నవి ఆ తెల్లమాత్రలే.

శరత్కాలం చివర కుంకుమపువ్వు కోతలు వచ్చాయి. ఆ మూడు వారాలు మా ఊళ్ళో మనుషులు ఉండరు, చేతులే ఉంటాయి. సూర్యుడు మొహం చూపి పువ్వు విచ్చకముందే కోయాలి. కోసినదాన్ని ఆ పగలే విప్పి ఎర్రని కేసరాలు వేరుచేయాలి. ఆరోగ్యగృహం తెరిచి ఉండే వేళలలో పొలం నుంచి, వాకిలి నుంచి ఎవరూ కదలలేరు. గోహర్ పట్టీ అయిపోయింది. కొత్తది తెచ్చుకునే తీరిక లేదు. అయితేనేం, మా ఊళ్ళో ఏదైనా అయిపోతే చేసే పనే ఆమె చేసింది: పక్కింటి కడియం తట్టింది. ఆ పక్కిల్లు మాదే. తలుపు తీసింది నా భార్య మునీర్.

ఇక్కడ మా ఊరి బదుళ్ళ మర్యాద గురించి రెండు మాటలు చెప్పాలి. పులిపిండి లేని ఇంట రొట్టె లేవదు కనుక, ఒక ఇంటి పులిపిండి అయిపోతే పక్కింటి నుంచి ముద్ద తెచ్చుకుంటారు. తెచ్చుకున్నదానికంటే కొంచెం పెద్దముద్ద తిరిగి ఇవ్వాలి. ఇచ్చేవాళ్ళు కూడా అడుగున ఎండినది కాక, పైన పొంగిన మంచి ముద్ద ఇవ్వాలి. మంచిది దాచుకుని నాసిది బదులిచ్చిందన్న మాట పడటం కంటే మా ఆడవాళ్ళకు వేరే అప్రతిష్ట లేదు.

మునీర్ తన పట్టీ తీసి చూసింది. తెల్లవి ఉన్నాయి, ఎర్రవి ఉన్నాయి. ఎర్రవి రక్తం రంగువి, కనుక బలమైనవి; పైగా ఏడే ఉన్నవి, అపురూపమైనవి. గోహర్ ఒళ్ళు చూస్తే పాలిపోయి ఉంది. మర్యాద తెలిసిన మనిషి కనుక మునీర్ ఎర్రవి ఏడూ కత్తిరించి ఇచ్చింది. గోహర్ వారం రోజులు వరస తప్పకుండా వాటినే మింగింది. కోతలు ముగిశాక కొత్తపట్టీ తెచ్చుకుని, అందులోని ఎర్రవి ఏడు, పైన పిడికెడు ఎండు అంజూరపళ్ళు చేర్చి, మునీర్‌కు బదులు తీర్చింది. ఆ బదులు తీరుస్తున్నప్పుడు నేను గదిలోనే ఉన్నాను. పట్టీతో వచ్చిన కాగితం, ఏ మాత్ర దేనికో స్పష్టంగా అచ్చువేసినది, మా గూటిలో నా కళ్ళద్దాల కిందే ఉండేది. ఊరందరి ఉత్తరాలలో కామాలు దిద్దినవాణ్ణి, దాన్ని ఒక్కసారీ చదవలేదు.

చలి ముదిరిన రోజులలో ఒక ఉదయం ఆడవాళ్ళందరూ తందూరు చుట్టూ చేరి రొట్టెలు కాలుస్తుండగా, గోహర్ చాదర్ కొంగు ముక్కుకు అడ్డుపెట్టుకుని దూరంగా జరిగింది. రొట్టె వాసన గిట్టని ఆడది మా ఊళ్ళో ఒక్క కారణానికే ఉంటుంది. తూబా చేతిలోని పిండి దులుపుకుని దగ్గరికి వెళ్ళింది. ఆ సంభాషణ పక్కనే ఉన్న మునీర్ విన్నది.

"వదినా, ఎన్నాళ్ళైంది?"

"ఏమీ లేదే, కడుపులో గడబిడ."

"నన్ను చూసి చెప్పు."

గోహర్ తలవంచుకుంది. "రెండు నెలలు దాటింది. ఒట్టు తూబా, ఒక్క రోజు కూడా మానలేదు. నా పిల్లల మీద ఒట్టు. కోతలప్పుడు అయిపోతే కూడా మునీర్ వదిన దగ్గర బదులు తెచ్చుకుని మరీ వేసుకున్నాను."

"ఏ రంగువి?"

"ఎర్రవి. మంచివే ఇచ్చింది, పాపం."

తందూరులో ఎవరిదో రొట్టె మాడింది, ఎవరూ తీయలేదు.

ఆ మధ్యాహ్నం తూబా మా ఇంటి కడియం తట్టింది. మునీర్ ఏడ్చి ఏడ్చి ముఖం వాచి ఉంది. "నేనే చంపాను దాన్ని. నా చేత్తో కత్తిరించి ఇచ్చాను" అంటూ చేతులు చూపించింది.

"ఎవరూ చావలేదు వదినా. ఎవరూ చావరు. నీ పట్టీ ఇలా ఇయ్యి, చూస్తాను" అన్నది తూబా. ఆ వారం ఇంటింటికీ తిరిగి అన్ని పట్టీలూ చూసింది. పదకొండు ఇళ్ళలో ఎర్రవి తెల్లవి కలగలిసిపోయి ఉన్నాయి. ఒకామె తెల్లవి ఇచ్చి ఎర్రవి మార్చుకుంది. ఒకామె ఎర్రవన్నీ చూలాలైన చెల్లెలికి పంపింది. తూబా ప్రతి గుమ్మంలోనూ ఒకటే మాట చెప్పింది: "పులిపిండి బదులివ్వండి, నిప్పు బదులివ్వండి, కావాలంటే మొగుణ్ణి బదులివ్వండి. మాత్ర మాత్రం ఇవ్వకండి."

"మొగుణ్ణి ఎవరు తీసుకుంటారే? తిరిగిచ్చేటప్పుడు పెద్దది ఇవ్వాలిగా!" అన్నదట ఒక ముసలమ్మ.

నెలాఖరున నివేదిక తెచ్చింది. "మాత్రల వాడుక గురించి నేను సరిగా చెప్పలేదు. అందువల్ల ఒకామెకు గర్భం నిలిచింది" అని రాసి ఉంది. క్రియలన్నీ ఈసారి చివరనే ఉన్నాయి. నేను కలం తీసి, "'మాత్రల విషయంలో పొరపాటు జరిగింది' అని మారుద్దాం. అలా రాస్తే నీ ఉద్యోగానికి ఇబ్బంది ఉండదు" అన్నాను.

"జరిగింది అంటే ఎవరు చేసినట్టు మాస్టారూ?"

"ఎవరూ చేయనట్టు. కర్త ఉండదు."

"కర్త లేకుండా గోహర్ వదిన కడుపులోకి బిడ్డ వచ్చిందా? ఉండనీయండి." కాగితం నా చేతిలోంచి తీసుకుని మడతపెట్టుకుంది. నాకు విద్యార్థులు చాలామంది ఉన్నారు. నా పాఠం నాకు తిరిగి అప్పజెప్పినది మాత్రం ఆమె ఒక్కతే.

మరునాడే ఆమె గోహర్ ఇంటి ముందు నిలబడి కడ్డీ తట్టింది. నేను మా అరుగు మీద ఎండకు కూర్చుని ఉన్నాను. ఖుర్బానలీ ఎవరో మగమనిషి వచ్చాడనుకుని, టోపీ సర్దుకుంటూ, "రావయ్యా, రా" అంటూ తలుపు తీశాడు. ఎదురుగా తూబా.

"ఇదేంటమ్మా, పొరపాటున కడ్డీ తట్టావా?"

"పొరపాటు కాదు అన్నా. ఇన్నేళ్ళూ కడియం తట్టి వదినతోనే మాట్లాడాను. వదిన ఏం చేస్తుంది? ఒళ్ళు ఆమెదే, ఆపరేషన్‌కు వెళ్ళే రోజు మాత్రం నీది. అందుకే నీకోసం వచ్చాను."

ఖుర్బానలీ ముఖం ఎర్రబడింది. వీధి రెండు వైపులా చూశాడు. నేను దినపత్రిక ముఖానికి అడ్డం పెట్టుకున్నాను, తలకిందులుగా.

"కాన్పు పట్నం ఆసుపత్రిలో జరగాలి. నొప్పులు వచ్చాక కాదు, పదిహేను రోజుల ముందే వెళ్ళాలి. మా పిన్ని ఇంట్లో ఉండొచ్చు. నువ్వు కూడా రావాలి, రక్తం కావలసి రావచ్చు."

"అమ్మ ఒప్పుకోదు తూబా. ఊరందరి కాన్పులూ చేసింది. సొంత కోడల్ని పరాయి చేతుల్లో పెడితే ఆమె ముఖం ఏం కావాలి?"

లోపలి నుంచి బీబీ సల్తనత్ గొంతు వినిపించింది. "ఏం పరాయి చేతులురా? ఎవరు వచ్చింది? తూబానా? కడ్డీ తట్టేంత మగాడివయ్యావటే?"

ఆమె గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఎనభైకి దగ్గర పడ్డ మనిషి. అయినా ఆమె ముందు ఊళ్ళో మగవాళ్ళందరూ పిల్లలే. తూబా వాదించలేదు. వంగి ఆమె కుడిచెయ్యి తన రెండు చేతులలోకి తీసుకుని, ముద్దుపెట్టుకుని, అలాగే పట్టుకుని ఉండిపోయింది. ఎంతసేపో. అప్పుడు నాకూ కనిపించింది: ఆ చెయ్యి వణుకుతోంది. ముసలితనపు చిన్న వణుకు కాదు, గాలికి ఊగే ఆకులా ఆగకుండా.

"ఎప్పటి నుంచి అత్తా?" అన్నది తూబా, చాలా మెల్లగా.

బీబీ సల్తనత్ కొడుకు వైపు చూడలేదు. "పోయినసారి దానికి రక్తం ఆగనప్పటి నుంచి" అన్నది. "అప్పుడు మొదలైంది, పోలేదు. చాదర్ కింద పెట్టుకుని తిరుగుతున్నాను. ఎవరికీ చెప్పకే."

"చెప్పను. కానీ ఒక మాట. నేను అక్కడ కాగితాల పని చూసుకోవాలి. లోపల వదిన దగ్గర కూర్చుని చెయ్యి పట్టుకునే మనిషి కావాలి. ఊళ్ళో అంత అనుభవం ఇంకెవరికుంది?"

ముసలామె చెయ్యి మళ్ళీ చాదర్ కిందికి లాక్కుంది. తరువాత కొడుకును కసిరింది. "నిలబడి చూస్తావేంరా? మినీబస్సువాడితో ఇప్పుడే మాట్లాడి పెట్టు. ముందు సీటు నాది, నాకు వాంతులవుతాయి."

ఆ చలికాలం నుంచి ఎండాకాలం దాకా తూబా ప్రతి వారం గోహర్‌ను తూచింది, రెప్పలు తిప్పి రంగు చూసింది, ఎర్రమాత్రలు తన ఎదుటే మింగించింది. మా ఇంట్లో మాత్రం ఒక మార్పు వచ్చింది. మునీర్ ఎవరికీ ఏదీ బదులివ్వడం మానేసింది. కడియం మోగినా లేచేది కాదు. పులిపిండి అడిగితే లేదనేది, గిన్నెనిండా ఉండి కూడా. మాస్టారు భార్య పిసినారి అయిందన్నారు. ఆమె విన్నది. "నా చెయ్యి మంచిది కాదు" అని నాతో ఒక్కసారి అన్నది. నేను ఏదో చెప్పబోయాను. వాక్యం కుదరలేదు.

తొమ్మిదో నెల వచ్చాక, మా ఎడారి వేసవి నడిమధ్యలో వాళ్ళు నలుగురూ మినీబస్సు ఎక్కారు. బీబీ సల్తనత్ ముందుసీటులో, ముక్కు దగ్గర నిమ్మకాయతో. పదిహేడు రోజులు ఏ కబురూ లేదు. పదిహేడు రోజులూ మునీర్ నమాజు చాప మీద నుంచి లేచింది తక్కువ. పద్దెనిమిదో రోజు సాయంత్రం బస్సు దుమ్ము కనిపించింది. నేను వీధి చివరి దాకా వెళ్ళే ధైర్యం లేక గుమ్మం దగ్గరే నిలబడ్డాను. బస్సులోంచి ముందు ఖుర్బానలీ దిగాడు, తరువాత తూబా, తరువాత పొత్తిగుడ్డలో చుట్టిన పసికందును పట్టుకుని బీబీ సల్తనత్. ఆ తరువాత ఎంతకూ ఎవరూ దిగలేదు. అప్పుడు తూబా వెనక్కి తిరిగి చెయ్యి చాచింది. ఆ చెయ్యి పట్టుకుని, ఒక్కో మెట్టూ చూసుకుంటూ, గోహర్ దిగింది.

ఆసుపత్రిలో మళ్ళీ రక్తం ఆగలేదట. అయితే అక్కడ సీసాలు సిద్ధంగా ఉన్నాయి, అందులో ఒకటి ఖుర్బానలీది. ఆడపిల్ల. "మూడు గంటలు దాని చెయ్యి వదల్లేదు నేను," అని బీబీ సల్తనత్ వీధిలోనే నిలబడి అందరికీ చెప్పింది. "డాక్టరమ్మ అంది, అవ్వా, నువ్వు లేకపోతే మేమేం చేసేవాళ్ళం, అని. ఏమే తూబా, అందా లేదా?"

"అంది అత్తా" అన్నది తూబా, కన్ను కూడా ఆర్పకుండా.

తరువాతి నెల ఖుర్బానలీ ఒక్కడే పట్నం వెళ్ళివచ్చాడు. పన్ను పీకించుకున్నానని చెప్పాడు. రెండు రోజులు కాళ్ళు ఎడంగా వేసి నడుస్తుంటే, ఏ పన్నురా అది అని మసీదు అరుగు మీద అందరూ అడిగారు. తూబా మాత్రం అడగలేదు. మరుసటి ఏడు కోతలప్పుడు ఆమె మాత్రల సంచి భుజానికి తగిలించుకుని, తెల్లవారకముందే పొలాల గట్ల మీద తిరిగింది. పట్టీ పూర్తిగా ఇచ్చేది, చివరి ఏడింటి మీద వేలుపెట్టి ఇవి దేనికో చెప్పించుకుని గాని కదిలేది కాదు. ఆమె పదవీ విరమణ చేసేదాకా ఆ గోడమీది చక్రంలో తల్లుల రంగు చుక్క పడలేదు. దాని గురించి ఎవరైనా పొగిడితే, "తాడు పట్టుకుని నిలబడటమే కదా, దిగేది వాళ్ళే" అనేది.

ఆ ఏడే, గోహర్‌కు పురిటి నలభయ్యో రోజు స్నానం అయిన మర్నాడు పొద్దున మా తలుపు కడియం మోగింది. మునీర్ లేవలేదు. మళ్ళీ మోగింది. నేను లేవబోయాను, అది కడియమని గుర్తొచ్చి కూర్చున్నాను. మూడోసారి మోగినప్పుడు ఆమె వెళ్ళి తీసింది. గుమ్మంలో గోహర్, చంకలో బిడ్డ, చేతిలో ఖాళీ గిన్నె.

"వదినా, పిండి కలుపుదామంటే పులిపిండి లేదు. కొంచెం బదులిస్తావా?"

మునీర్ ఆ గిన్నె వంక చూసింది. "మీ ఇంట్లో పులిపిండి లేకపోవడమేమిటే? మీ అత్త నిన్ననేగా రొట్టెలు చేసింది, పొగ చూశాను."

"లేదు" అన్నది గోహర్. "నీ దగ్గరదే కావాలి. తొందరగా ఇయ్యి, చంటిది ఏడుస్తుంది."

మునీర్ లోపలికి వచ్చింది. గిన్నె మూత తీసి, పైన పొంగిన మంచిముద్ద తీసింది.